లెండ్, బారో కూడా చేర్చండి

తికమకపెట్టే ఇంగ్లిష్ మాటల జంటల మీద మీ వ్యాసంలో అఫెక్ట్ (affect) క్రియ, ఎఫెక్ట్ (effect) నామవాచకం అని రాశారు. చాలావరకు సరిపోతుంది. కానీ ఎఫెక్ట్ క్రియగానూ వస్తుందని ఒక్క మాట చెప్పాల్సింది. 'అఫెక్ట్ ఎ చేంజ్' అంటే జరుగుతున్న మార్పు మీద ప్రభావం చూపడం, 'ఎఫెక్ట్ ఎ చేంజ్' అంటే ఆ మార్పునే తీసుకురావడం. పరీక్షలకు చదివేవాళ్లకు ఇక్కడే టెన్షన్!

నాకు ఇంతకంటే ముఖ్యం అనిపించేది లెండ్ (lend), బారో (borrow) జంట. తెలుగులో రెండింటికీ అప్పు అనే మాటే వాడి, పక్కన ఇవ్వడం, తీసుకోవడం చేరుస్తాం. ఇంగ్లిష్‌లో ఆ తేడా క్రియలోనే ఉంది. ఇచ్చేవారిది లెండ్, తీసుకునేవారిది బారో. అందుకే 'బారో మీ యువర్ పెన్' అనే తప్పు మన నోట అంత తేలిగ్గా వచ్చేస్తుంది. 'లెండ్ మీ' అనాలి. దయచేసి దీని మీద విడిగా ఒక వ్యాసం రాయండి.