బక్క కుర్రాళ్లని తీసేస్తే డిఫెన్స్ బాగుపడుతుందా?

2023 ఎన్‌ఆర్‌ఎల్ (ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ పోటీ) ఫైనల్ ప్రస్తావన వస్తే చాలు, బ్రిస్బేన్ బ్రాంకోస్ అభిమానుల్లో ఒక మాట తిరుగుతూనే ఉంటుంది: "24-8తో ముందుండి కూడా పెన్రిత్ చేతిలో 26-24తో ఓడామంటే తప్పు సెలెక్షన్‌దే. రీస్ వాల్ష్, ఎజ్రా మామ్ లాంటి బక్క కుర్రాళ్లకి ట్యాకిల్ చేతకాదు. బరువున్నవాళ్లని దించాల్సింది."

ముందుగా ఒక లెక్క. ఆ 24లో 12 పాయింట్లు మామ్ మూడు ట్రైల (బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆన్చితే ట్రై, ఒక్కోదానికి 4 పాయింట్లు) వల్ల వచ్చినవే. అతన్ని కూర్చోబెట్టి ఉంటే చేజార్చుకోవడానికి ఆ ఆధిక్యమే ఉండేది కాదు.

ఇక ట్యాకిల్ సంగతి. చివరి ఇరవై నిమిషాల్లో పెన్రిత్ ఆటగాళ్లు లియోటా, క్రైటన్, క్లియరీ తలో ట్రై సాధించారు. క్రైటన్ ట్రైకి ముందు క్లియరీ ఒక 40/20 కొట్టాడు. అంటే సొంత 40 మీటర్ల గీత లోపలి నుంచి తన్నిన బంతి, మైదానంలో నేల తాకి, అవతలి 20 మీటర్ల గీత దాటాక పక్క గీత మీదుగా బయటికి పోవడం. అప్పుడు బంతి మళ్లీ తన్నిన జట్టుదే. అప్పటికే అలసిన డిఫెన్స్ వెనక్కి పరుగెత్తి, తన గీత ముందు మళ్లీ ఆరు ట్యాకిళ్లకి (బంతి ఉన్న జట్టుకి ఒక విడతలో దక్కే అవకాశం అంతే) సిద్ధం కావాలి. ఆ సమయంలో ముందు ఆయాసపడేది బరువున్నవాళ్లే కదా!

'మిస్డ్ ట్యాకిల్స్' అంకెలు చూపించేవాళ్లూ ఉన్నారు. మామ్ లాంటి హాఫ్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) డిఫెన్స్ వరసలో అంచు దగ్గర నిలబడతాడు, అవతలివాళ్లు కావాలనే దూసుకొచ్చే భారీ ఆటగాణ్ని, అంటే సెకండ్ రోయర్‌ని అతని మీదికి పంపుతారు. పక్కనున్న సెంటర్ తొందరపడి ముందుకొచ్చినా, లోపలి మనిషి అర అడుగు వెనకబడ్డా సందు పడుతుంది. మిస్ మాత్రం హాఫ్ ఖాతాలో రాస్తారు. కబడ్డీ చూసేవాళ్లకి ఇది తెలిసిందే. కార్నర్ కాలు పట్టినా కవర్ సమయానికి రాకపోతే రైడర్ గీత తాకేస్తాడు, తిట్లన్నీ కార్నర్‌కే.

2024లో బ్రాంకోస్ 12వ స్థానానికి పడిపోయాక ఈ వాదనకి బలం వచ్చిన మాట నిజం. కానీ మారింది ముఖ్యంగా కోచ్. కెవిన్ వాల్టర్స్ స్థానంలో, కఠినమైన ట్రైనింగ్‌కి పేరున్న మైకేల్ మాగ్వైర్ వచ్చాడు. పాత ఆటగాడు బెన్ హంట్ జట్టులోకి తిరిగొచ్చాడు, అదీ ఒప్పుకోవాలి. వాల్ష్, హాస్, కారిగన్, స్టాగ్స్ లాంటి 2023 ఫైనల్ ఆటగాళ్లు మాత్రం అక్కడే ఉన్నారు.

2025 ఫైనల్లో సగం ఆటకి ప్రత్యర్థి మెల్‌బోర్న్ 22-12తో ముందుంది. రెండో సగంలో ఆ జట్టుకి ఒక్క పాయింటూ దక్కలేదు. బ్రాంకోస్ 26-22తో గెలిచింది. ఫైనల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే క్లైవ్ చర్చిల్ మెడల్ వాల్ష్ మెడలో పడింది.