పంటు దొరకలేదండీ!

సఖినేటిపల్లి రేవులో నిలబడి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. అవతలి గట్టున నరసాపురం కనిపిస్తూనే ఉంది. అక్కడి హోటల్లో పెసరట్టు వాసన ఇక్కడికే వస్తోందని మా బావగారు అంటున్నారు గానీ, అది ఆయన ఆకలి. మధ్యలో ఉన్నది వశిష్ఠ గోదావరి. దాటించేది పంటు, అంటే మనుషుల్నీ బళ్లనూ కలిపి ఎక్కించుకునే ఇనుప బల్లకట్టు.

దీని మీద వంతెన కావాలని కొందరు దశాబ్దాలుగా గొడవ చేస్తున్నారు. శంకుస్థాపనలూ జరిగాయి. వాటికి కొట్టిన కొబ్బరికాయలు మా కోనసీమవే అయ్యుంటాయి కాబట్టి మాకు నష్టమేమీ లేదు. కానీ వంతెన నిజంగానే కట్టేస్తే మా గతేమిటి?

మాది అచ్చమైన ద్వీపం. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వశిష్ఠ, దిగువన బంగాళాఖాతం. ఇక్కడ పుట్టినవాడికి పిత్రార్జితంగా వచ్చేది కొబ్బరి తోట అనుకుంటారు. తోట అన్నదమ్ములు పంచేసుకుంటారు. అందరికీ సమానంగా దక్కేది "పంటు దొరకలేదండీ" అనే మాట ఒక్కటే. ఆఫీసులో, పెళ్లిలో, అప్పులవాడి దగ్గర ఎక్కడైనా చెల్లుతుంది. రుజువు అడిగే మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. గోదారమ్మను ఎవరు నిలదీస్తారు?

పైగా పంటంత సమానత్వం బస్సులో ఉందా? ఏసీ కారు, పాలక్యాన్ల బైకు, అంతర్వేది తీర్థానికెళ్లే ముసలమ్మ, అందరూ ఒకే ఇనుప బల్ల మీద ఒకే ఎండలో ఉండాల్సిందే. కారాయన అద్దం దించి "ఎప్పుడు కదులుద్దండీ?" అంటాడు. "నిండితే కదులుద్దండి, ఆయ్" అంటారు. ఇంతకన్నా నిజాయితీ గల టైంటేబుల్ ఏ దేశంలో ఉందో చెప్పండి.

రైలు సంగతీ అంతే. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా ఉన్న పట్టాలను రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీక్కుపోయారు. యుద్ధం ముగిసిందన్న కబురు ఆలస్యంగా అందిందేమో, 2004 నాటికి మళ్లీ వేశారు. అక్కడి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా మరో 57 కిలోమీటర్ల లైను మంజూరై ఒక తరం గడిచింది. రైలు గంట లేటైతే విసుక్కునే బెజవాడ వాళ్లను చూస్తే జాలేస్తుంది.

అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే ఎలా అని ఓ కుర్ర డాక్టరు నన్ను అడిగాడు. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లొచ్చు కదా అన్నాను. బిడ్డ ఆగుతుందా అన్నాడు. ద్వీపంలో పుట్టబోయే బిడ్డకు ఆ మాత్రం ఓర్పు ఉండొద్దా?

ఇంతలో ఫోను. నరసాపురం నుంచి, చీటీ డబ్బుల కోసం.

"పంటు దొరకలేదండీ" అన్నాను.

"మరి ఆ హారనేంటండీ?" అన్నాడు.