కొట్టాలని వచ్చినవాళ్ళు రెండు నెలలు కూడా నిలవలేదు

"పిల్లలను కరాటేకు పంపే తల్లిదండ్రులకు హెచ్చరిక" అనే సందేశం ఒకటి నెల రోజులుగా నల్లగొండలో ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. మా వీధి వాట్సాప్ గ్రూపులోనే ముగ్గురు పంపారు. కరాటే పిల్లలను రౌడీలుగా మారుస్తుందట. ఆడపిల్లల ఒంటికి మంచిది కాదట, పెళ్ళయ్యాక సంతానం కలగదట. అది మన విద్య కాదట. బ్లాక్ బెల్టు వస్తే పోలీసు స్టేషనులో పేరు రాయించుకోవాలట. బెల్టులన్నీ డబ్బుకు అమ్ముడుపోయేవేనట. చివరికి, నిజంగా ఆపద వస్తే అది ఎందుకూ పనికిరాదట.

నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. నాలుగేళ్ళ కిందట మా అమ్మాయిని తరగతిలో దింపడానికి వెళ్ళి, రోజూ గోడవారన కూర్చోవడం ఇష్టంలేక నేనూ చేరాను. ఈ సందేశం చదివి మా పక్కింటి అక్క తన కూతురిని మాన్పించింది. అందుకే ఒక్కొక్క మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదట రౌడీల సంగతి. మా తరగతికి ఎవరెవరు వస్తారో చెప్తాను. షుగరు వచ్చిందని డాక్టరు హెచ్చరించాక చేరిన కిరాణా వ్యాపారి ఒకరు. గది అద్దెకు తీసుకుని నర్సింగు చదువుతూ, చీకటి పడ్డాక ఒంటరిగా నడిచి వెళ్ళే అమ్మాయిలు ఇద్దరు. ఫోను వదలని కొడుకులను లాక్కొచ్చిన తండ్రులు చాలామంది. ఎవరినో కొట్టాలనే పట్టుదలతో వచ్చినవాళ్ళు నాకు తెలిసి ఇద్దరే. ఇద్దరూ రెండు నెలలు తిరగకుండానే మానేశారు. ఎందుకంటే అక్కడ కొట్టడం లేదు. మోకాళ్ళు వంచి, తొడలు వణుకుతున్నా కదలకుండా నిలబడాలి. పడిపోవడం నేర్చుకోవాలి. ఎదుటివారికి వంగి నమస్కరించాలి. కోపంతో వచ్చినవారికి అంత ఓపిక ఉండదు.

ఇది మా మాస్టరు సొంత పద్ధతి కాదు. కరాటే జపాన్‌లోని ఒకినావా దీవుల్లో పెరిగింది. 20వ శతాబ్దం తొలినాళ్ళలో ఇతోసు అన్కో అనే గురువు దాన్ని అక్కడి బడుల్లో వ్యాయామ విద్యగా ప్రవేశపెట్టారు. 1922లో జపాన్ ప్రధాన భూభాగానికి తీసుకువెళ్ళిన ఫునాకోషి గిచిన్ బడిపంతులు. చిన్నప్పుడు జబ్బుమనిషి, సాధనతోనే ఆరోగ్యం కుదుటపడిన మనిషి. ఆయన రాసిన ఇరవై సూత్రాల్లో ఒకటి "కరాటేలో మొదటి దెబ్బ లేదు" అంటుంది. మా అమ్మాయి నేర్చుకున్న ఐదు హెయాన్ కటాలూ (వరుసగా చేసే కదలికల కూర్పులు) అడ్డుకోవడంతోనే మొదలవుతాయి, దాడితో కాదు.

ఆడపిల్లల ఒంటి గురించి రాసినవారిమీద నాకు నిజంగా కోపం వచ్చింది. మిర్యాలగూడ వైపు సాగర్ ఆయకట్టులో ఆడవాళ్ళు రోజంతా నడుము వంచి నాట్లు వేస్తారు. మా జిల్లా పత్తిచేలల్లో బడి ఎగ్గొట్టి మరీ అమ్మాయిలు పత్తి ఏరుతారు. అప్పుడు వాళ్ళ గర్భసంచి గురించి ఎవరూ సందేశాలు పంపలేదు. వారానికి మూడు గంటలు కాళ్ళూ చేతులూ ఆడిస్తే మాత్రం వంశం ఆగిపోతుందా? సరైన తిండి లేకుండా శక్తికి మించి సాధన చేస్తే నెలసరి తప్పవచ్చు, అది నిజం. అది ఏ ఆటకైనా వర్తిస్తుంది, దానికి మందు కడుపునిండా భోజనం. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగులో ప్రపంచ విజేత అయినప్పుడు మనమంతా చప్పట్లు కొట్టాం. ప్రభుత్వ బడుల్లో అమ్మాయిల కోసం రాణి లక్ష్మీబాయి పేరుతో ఆత్మరక్షణ శిక్షణ పథకం కూడా ఉంది. ఆ మూడు నెలల శిక్షణ చాలదనేది నా అభిప్రాయం. కానీ మొదలంటూ పెట్టడానికి అది మంచి అవకాశం.

మన విద్య కాదంటారా? కుస్తీ నేర్పే గురువును మనం వస్తాదు అంటాం, సాధన చేసే చోటును తాలింఖానా అంటాం. పహిల్వాను, కుస్తీ, తాలిం అన్నీ పారసీ, అరబ్బీ నుంచి వచ్చి మన నోట్లో స్థిరపడ్డ మాటలే. మరి కరాటే ఒక్కటే పరాయిదెలా అవుతుంది?

పోలీసు స్టేషనులో నమోదు అనేది శుద్ధ అబద్ధం. అలాంటి చట్టం మన దేశంలో లేదు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత అందరికీ ఇస్తోంది. ఆపద తప్పించుకోవడానికి కావలసినంత వరకే బలం వాడాలన్న హద్దు కూడా అందరికీ ఒకటే.

ఇక పనికిరాదన్న మాట. పిల్లలు రౌడీలవుతారని మొదట రాసి, చివర ఇది ఎందుకూ కొరగాదంటే ఏది నమ్మాలి? కత్తి పట్టుకున్నవాడు ఎదురైతే పారిపొమ్మనే మా మాస్టరు చెప్తారు. కానీ ఆపదలన్నీ కత్తితో రావు. దేవరకొండ నుంచి వస్తున్న బస్సులో ఒకసారి వెనుక నిలబడ్డవాడు నా నడుముమీద చెయ్యి వేశాడు. నేను దెబ్బ కొట్టలేదు. తిరిగి, "చెయ్యి తియ్యి" అని అరిచాను. బస్సంతా వినబడింది, కండక్టరు వాడిని దించేశాడు. పదిహేనేళ్ళ కిందట అలాంటిదే జరిగితే గొంతు పెగలక తరువాతి స్టాపులో దిగి ఏడ్చాను. ఆ గొంతు సాధనలో అరిచే "కియాయ్" వల్ల వచ్చింది. ఎవరైనా ముంజేయి పట్టుకుంటే, పట్టుకున్నవాడి బొటనవేలి వైపు తిప్పి విడిపించుకోవాలని మా ఏడో తరగతి పిల్లలకు నేనే నేర్పాను.

సందేశంలో కొంత నిజమున్న మాట బెల్టులదే. ఏడాదిలో బ్లాక్ బెల్టు ఇస్తామనేవాళ్ళు ఉన్నారు, వారిని నమ్మకండి. రంగుల బెల్టులు జూడోనుంచి వచ్చిన పద్ధతి. బ్లాక్ బెల్టులో తొలి మెట్టును "షోదాన్" అంటారు, అంటే మొదటి శ్రేణి. ఇన్నాళ్ళు నేర్చుకున్నది ఆరంభానికే అని దాని భావం. చేర్చేముందు ఒక తరగతి పూర్తిగా చూడండి. పడటం నేర్పుతున్నారా, పిల్లలను కొడుతున్నారా, బెల్టు పరీక్షకు ఎంత, ఎన్ని నెలలకు ఒకసారి అడుగుతున్నారో కనుక్కోండి. చూడనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి.

అక్కా, సోమవారం సాయంత్రం ఐదున్నరకు నాతో రా. అమ్మాయిని తీసుకురాకపోయినా ఫరవాలేదు. గోడవారన నా పాత చోటు ఖాళీగానే ఉంది.