తప్పంతా రాళ్లదే

పల్లెల్లో చారిత్రక స్థలాలు ఒక్కొక్కటే మాయమైపోతున్నాయని ఈ మధ్య కొందరు తెగ బాధపడిపోతున్నారు. రియల్ ఎస్టేట్ వాళ్లని తిడతారు, క్వారీల వాళ్లని తిడతారు, అనుమతులిచ్చిన అధికారుల్ని తిడతారు. నేను అలా ఆవేశపడే రకం కాదు. రెండు పక్కలా ఆలోచించి, రెండు కప్పుల టీ తాగి, అసలు తప్పు ఎవరిదో కనిపెట్టాను. తప్పు రాళ్లది.

నవ్వకండి. మూడు వేల ఏళ్లు ఒకే చోట కదలకుండా నిలబడి కూడా తమ పేరు మీద ఒక్క పట్టాదారు పాసుపుస్తకం తెచ్చుకోలేకపోయాయంటే ఆ రాళ్లను ఏమనాలి? మా తాత సంతకం కూడా రాని మనిషి, వేలిముద్ర వేసేవాడు. ఆయనే తాసీల్దారు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి తన రెండెకరాలకీ కాగితం పుట్టించుకున్నాడు. ఈ రాళ్లకేం రోగం?

నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలో ముడుమాల్ ఉంది. నది ఒడ్డు. అక్కడ పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తున నిలువురాళ్లు ఎనభై దాకా ఉన్నాయి, వాటి చుట్టూ వరసలు తీరిన చిన్న రాళ్లు వేలల్లో. మూడు వేల ఏళ్లు దాటినవని పరిశోధకులు చెబుతారు. పొద్దు ఏ రోజున ఏ మూల నుంచి పొడుస్తుందో, ఎక్కడ కుంగుతుందో ఆ వరసలను బట్టి చూడొచ్చట. ఒక రాతి మీదైతే చిన్న చిన్న గుంటలు తొలిచి సప్తర్షి మండలాన్నే దించేశారు. అంటే ఆకాశాన్ని కొలిచారు, కాలాన్ని కొలిచారు, కానీ ఒక అర్జీ రాసి, రెండు జిరాక్సులు జతచేసి, ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోవాలన్న చిన్న ఇంగితం ఆ మహానుభావులకు తట్టలేదు. చివరికి 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఈలోగా పొలాలు చదును చేసుకునేటప్పుడు ఎన్ని రాళ్లు పోయాయో ఎవరు లెక్కపెట్టారు? రైతును అనడానికి నాకు నోరు రాదు, నాగలికి అడ్డమొచ్చిన రాయిని ఎవరైనా పక్కకే తోస్తారు, పైగా అది చరిత్ర అని ఆయనకు చెప్పాల్సినవాళ్లు ఆ దారిన రానేలేదు. ఊరి జనం మాత్రం ఒక రాయిని ఎల్లమ్మ అని కొలుచుకుంటున్నారు. ఆ ఒక్క రాయికి ఉన్న భద్రత మిగతావాటికి లేదు. రాళ్లకు బుద్ధుంటే అన్నీ ఎల్లమ్మలైపోయేవి.

మరి చట్టం లేదా అంటారు. ఎందుకు లేదు, దివ్యంగా ఉంది. పురాతన కట్టడాల కోసం 1958లో చేసిన చట్టాన్ని 2010లో ఇంకా బిగించారు. కట్టడం నుంచి వంద మీటర్ల లోపు కొత్తగా ఏదీ కట్టకూడదు, ఆపైన ఇంకో రెండు వందల మీటర్ల దాకా అనుమతి లేకుండా కట్టకూడదు. చదువుతుంటే ఛాతీ ఉప్పొంగుతుంది. మెలిక ఒక్కటే, ఆ కట్టడం కేంద్రం జాబితాలో ఉండాలి. తెలంగాణ మొత్తానికి ఆ జాబితాలో ఉన్నవి ఎనిమిది. చార్మినార్, గోల్కొండ, ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప అనేసరికే సగానికి పైగా అయిపోయాయి. రాష్ట్రం జాబితాలో మరికొన్ని వందలున్నాయి. ఇక ఊరి బయట తుమ్మచెట్ల మధ్య, పోరులో పోయిన వీరుడి గుర్తుగా నిలిపిన వీరగల్లు, చెరువు కట్ట మీది శాసనం, గుట్ట కింద రాకాసి గుళ్లు, ఇవన్నీ ఏ జాబితాలోనూ లేవు. జాబితాలో లేనిది లేనట్టే లెక్క.

జాబితాలో ఉంటే మాత్రం ఏమవుతుందో చూద్దాం. 2013లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వాళ్లు దేశంలో 1,655 రక్షిత కట్టడాలను చూడ్డానికి వెళితే 92 కనిపించలేదు. తర్వాత పురావస్తు శాఖ వెతికి వెతికి చాలావాటిని పట్టుకుంది. 2022లో పార్లమెంటు సంఘానికి చెప్పిన లెక్క ప్రకారం పోయినవి 50. వాటిలో పద్నాలుగింటిని నగరాలు మింగేశాయి, పన్నెండు జలాశయాల్లో మునిగాయి, 24 ఎక్కడున్నాయో తెలియదు. మునిగినవి నయం, కనీసం ఎక్కడున్నాయో తెలుసు. ఆ తర్వాత 2024లో, ఆ జాడ తెలియనివాటిలోనే 18 కట్టడాలకు జాతీయ ప్రాధాన్యం లేదని తేల్చి జాబితాలోంచి తీసేయబోతున్నట్టు ప్రకటించారు. ఇది మంచి పద్ధతి. వస్తువు కనపడకపోతే ఇల్లంతా వెతకడం ఎందుకు, అసలు ఆ వస్తువు మనది కాదనుకుంటే మనశ్శాంతి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయానికి వస్తాను, ఫారం. పెద్ద ప్రాజెక్టు ఏదైనా పెట్టాలంటే 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ కింద ఒక ఫారం నింపాలి. ప్రాజెక్టు హద్దు నుంచి 15 కిలోమీటర్ల లోపు చట్టం రక్షణలో ఉన్న సాంస్కృతిక ప్రాధాన్యం గల ప్రదేశాలేమైనా ఉన్నాయా, ఉంటే ఎంత దూరం, అని అందులో అడుగుతారు. ఎంత మంచి ప్రశ్న! దానికి జవాబు రాసేది ఎవరు? ప్రాజెక్టు పెట్టేవాళ్లే, లేదా వాళ్లు డబ్బులిచ్చి పెట్టుకున్న కన్సల్టెంటు. పెళ్లికొడుక్కి ఏమైనా చెడు అలవాట్లున్నాయా అని పెళ్లికొడుకు తండ్రినే అడిగినట్టు. ఆయనేమంటాడు, మావాడు బంగారం అంటాడు. అందుకే ఆ గడిలో ఎప్పుడు చూసినా ఒకటే మాట కనిపిస్తుంది, నిల్.

పోనీ ఊళ్లోవాళ్లనైనా అడగాలి కదా, ప్రజాభిప్రాయ సేకరణ ఉంది కదా అంటారేమో. భవనాలకు, టౌన్‌షిప్‌లకు దాని నుంచి మినహాయింపు ఉంది. ఇక యాభై హెక్టార్లకు, అంటే సుమారు 123 ఎకరాలకు, లోపు ప్లాట్లు కొట్టి రోడ్లేసి అమ్ముకునే వెంచరైతే టౌన్‌షిప్ లెక్కలోకి కూడా రాదు. ఆ కాడికి ఫారం కూడా దండగే, నిల్ అని రాసే శ్రమ కూడా మిగులుతుంది. పక్కపక్కనే ఫేజ్ వన్, ఫేజ్ టూ, ఫేజ్ త్రీ అని బోర్డులు ఎందుకు మొలుస్తాయా అని నాకు ఎప్పుడూ ఒక అమాయకపు సందేహం.

మా మేనమామ ఊరికి ఇలాంటి పరిశీలన ఒకటి వచ్చింది. ఊరి పేరు వద్దులెండి, ఆయన ఇంకా అక్కడే బతకాలి. ఊరవతల బీడులో పెద్ద పెద్ద గుండ్లు గుండ్రంగా పేర్చినట్టు ఉంటాయి, అలాంటివి పదో పన్నెండో. రాకాసి గుళ్లు అంటారు. నిజానికి అవి ఇనుము కొత్తగా వాడటం నేర్చిన కాలంనాటి మనుషుల సమాధులు. అలాంటివాటిని పద్ధతిగా తవ్విన చోట్ల, కింద బండలతో కట్టిన పెట్టె, అందులో ఎముకలు, నలుపూ ఎరుపూ కుండలు, ఇనుప కత్తులు దొరికాయి. పోయినవాళ్లకు దారిలో పనికొస్తాయని కుండా కత్తీ పక్కనే పెట్టి పంపిన మనుషులన్నమాట. పరిశీలనకు వచ్చినాయన కారు దిగలేదు, ఎండ బాగా ఉంది. అద్దం సగం దించి మా మామను పిలిచాడు.

"పెద్దాయనా, అవేంటి?"

"రాకాసి గుళ్లు సార్."

"గుళ్లంటే, దేవాదాయ శాఖవా?"

"కాదు సార్, రాకాసులయి."

"రాకాసులు ఇప్పుడెక్కడున్నారు?"

మా మామ ఆయన్ని చూశాడు, కారును చూశాడు, వెనకాల ఆగి ఉన్న జేసీబీని చూశాడు. "నాకేం ఎర్క సార్, మీరే జెప్పాలె" అన్నాడు.

అద్దం పైకి లేచింది. పరిశీలన ముగిసింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే పాపం. మన పల్లెల్లో మారుమూల గుట్టల దాకా వెళ్లి, కూలిన ప్రతి గుడినీ, విరిగిన ప్రతి రాయినీ శ్రద్ధగా పరిశీలించే బృందాలు లేకపోలేదు. గుప్తనిధుల వాళ్లు. అమావాస్య రాత్రి, నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, గడ్డపారలు, ఎంత అంకితభావం! శివలింగం కింద, నంది కింద, వీరగల్లు కింద, ఎక్కడ ఏముందో వాళ్లకున్న ఆసక్తిలో పదో వంతు అనుమతులిచ్చే ఆఫీసుల్లో ఉంటే ఆ ఫారంలో నిల్ అని రాయడానికి కొంచెమైనా చెయ్యి వణికేది.

మునుపు ఇలా ఉండేది కాదని చాదస్తులు నాగార్జునకొండ పేరెత్తుతారు. సాగర్ డ్యాం కడితే ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్న లోయంతా మునిగిపోతుందని తెలిసింది. 1955లో డ్యాంకు శంకుస్థాపన జరిగింది, కానీ దానికి ముందు ఏడాదే ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో తవ్వకాలు మొదలై ఆరేళ్లు సాగాయి. లోయంతా గాలించారు, ఉన్నవి నమోదు చేశారు, కొన్నిటిని విప్పి మోసుకెళ్లి కొండ మీద, ఒడ్డున ఉన్న అనుపులో తిరిగి నిలబెట్టారు. మిగతావి నీళ్లలోకి వెళ్లిపోయాయి, అది నష్టమే, ఎవరూ కాదనరు. కానీ ముంచేముందు అక్కడ ఏముందో చూశారు. దేశమంతటికీ తిండి గింజలు కరువైన రోజుల్లో, లక్షల ఎకరాలకు నీళ్లివ్వాల్సిన డ్యాం కడుతూ, చూశారు. ఇప్పుడు మనం కడుతున్నది అంతకంటే ముఖ్యమైనది కదా, క్లబ్ హౌస్. ఆరేళ్లు ఎవరు ఆగుతారు?

విశాఖ దగ్గర తొట్లకొండ భిక్షువుల విషయంలో మాత్రం నాకు కొంచెం జాలి. రాతిలో తొట్లు తొలిచి వాన నీళ్లు పట్టుకున్నారు కాబట్టి ఆ కొండకు ఆ పేరు. రెండు వేల ఏళ్ల కిందటే సముద్రం కనిపించే కొండను చూసుకుని విహారాలు కట్టుకున్నారంటే సీ వ్యూ విలువ తెలిసిన మొదటి మనుషులు వాళ్లే. అంత మంచి లొకేషన్ ఎంచుకున్నాక ఎవరి కన్నూ పడకుండా ఉంటుందా? ఆ దగ్గర్లో ఒక సినిమా క్లబ్బుకు స్థలం ఇవ్వబోతే వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. అక్కడ మళ్లీ కట్టి నిలబెట్టిన మహాస్తూపంలో కొంత 2019 అక్టోబరు వానలకు కూలింది. రెండు వేల ఏళ్ల కిందటి తొట్లు మాత్రం అలాగే ఉన్నాయి. దీన్నిబట్టి ఎవరి పనితనం ఎలాంటిదో అన్న చర్చలోకి నేను వెళ్లను, టెన్షన్ ఎందుకు.

నా సలహా సూటిగా ఉంటుంది. రాష్ట్రంలోని నిలువురాళ్లు, వీరగల్లులు, శాసనాలు, సమాధులు అన్నీ ముప్పై రోజుల్లోగా తామే స్వయంగా మండలాఫీసుకు వచ్చి, సర్వే నంబరు చెప్పి, పేరు నమోదు చేయించుకోవాలి. రాలేని రాళ్లు కనీసం ఫోన్ చెయ్యాలి. అంతకీ కుదరకపోతే ఇంకో దారి ఉంది, కాస్త ఖర్చవుతుంది. పర్మిషన్ సంతకం పెట్టేముందు ఊరి పెద్దల్ని ఇద్దర్ని, పురావస్తు శాఖ మనిషిని ఒకర్ని వెంటబెట్టుకుని ఎవరో ఒకరు ఆ నేల మీద ఒక పూట నడవాలి. కారు దిగి. ఇది మరీ ఎక్కువ అడగడమే అనుకోండి, ఎండలు చూస్తున్నాం కదా.

మా మామ ఊరి బీడులో ఇప్పుడు వెంచర్ పడింది. రాకాసి గుళ్లు ఒక పూటలో పోయాయి, గుండ్లను కొట్టి కంకర చేసి లోపలి రోడ్లకే పోశారట. బ్రోచర్ నా దగ్గర ఉంది, ముద్దొస్తుంది. పేరు హెరిటేజ్ హిల్స్. మొదటి పేజీలో ప్రాచీన వారసత్వపు ఒడిలో మీ సొంతిల్లు అని రాశారు. వెనక గుట్టను అప్పటికే క్వారీ సగం తినేసింది కాబట్టి హిల్ వ్యూ ప్లాట్లకు గజం మీద కొంచెం తగ్గిస్తున్నారు కూడా.

ఆ బీడు అంచున ఒక ఎల్లమ్మ రాయి ఉండేది, దాన్ని మాత్రం పీకలేదు, జేసీబీ డ్రైవరు ఒప్పుకోలేదట. కాంపౌండ్ వాల్ లోపల పడింది. పోయిన ఆషాఢంలో మా అత్త నెత్తిన బోనం పెట్టుకుని, ఇంకో నలుగురు ఆడవాళ్లతో గేటు దాకా వెళ్లింది. సెక్యూరిటీ కుర్రాడు మంచివాడే, లేచి నిలబడ్డాడు, రిజిస్టర్ తెరిచాడు, పెన్ను తీశాడు.

"ఎవరింటికమ్మా?"

"ఎల్లమ్మ తల్లి కాడికి బిడ్డా."

వాడు రిజిస్టర్‌లో పేరు రాసుకున్నాడు, పక్క గడి దగ్గర ఆగాడు.

"ప్లాట్ నంబర్ ఎంతమ్మా?"