రాయి కావలెను

విజయనగరంలో మేం కొద్దిమందిమి అమెచ్యూర్ రేడియో వాళ్ళం, అంటే సరదా కొద్దీ వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవాళ్ళం. అందరికీ కలిపి ఒక రిపీటర్ ఉంది, అంటే మా మాటలు అందుకుని దూరాలకి మళ్ళీ పంపే సెట్. దానికి ఒక రాయి కావాలి. మామూలుగా ఇలాంటివి సంఘంలోనే తేల్చుకోవాలి గానీ, ఏడాది దాటినా తేలలేదు కాబట్టి దేశహితం కోరి బయటపెడుతున్నాను.

రాయంటే పలుగురాయి, అంటే క్వార్ట్జ్. దాన్ని పలచటి పలకగా కోసి, చిటికెనవేలి గోరంత రేకు డబ్బాలో పెట్టి, కరెంటు తగిలిస్తే వణుకుతుంది. ఎంత పలచగా కోస్తే అంత వేగంగా వణుకుతుంది. ఆ వణుకు వేగమే రేడియో ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడాలో నిర్ణయిస్తుంది. ఈ జాతి రాళ్ళను నొక్కితే విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లోనే కనిపెట్టారు. మా కోశాధికారిని ఎంత నొక్కినా ఏమీ పుట్టదని మేం ఈ ఏడాదే కనిపెట్టాం.

ఇప్పటి చేతి రేడియోలు మీట నొక్కితే ఏ ఫ్రీక్వెన్సీకైనా పోతాయి. వాటికి నీతి లేదు. మా సెట్ 1970ల నాటిది, రామతీర్థం రాముడిలా ఏకపత్నీవ్రతం. ఒక ఛానల్‌కి కట్టుబడిందంటే అంతే. దాని కోసం రెండు రాళ్ళుంటాయి, వినడానికి ఒకటి, మాట్లాడ్డానికి ఒకటి. మాట్లాడే రాయే ముందు ముసలిదైంది. మా మీటింగులు చూసినవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు.

జబ్బు చిన్నదే. రాయి 12.1 మెగాహెర్ట్జ్ దగ్గర వణికితే సెట్ దాన్ని 12 రెట్లు చేసి 145.2లో పంపుతుంది. రాయితో పాటు దాని తప్పునూ 12 రెట్లు చేస్తుంది. ఎండెక్కేసరికి రాయి ఓ 300 హెర్ట్జ్ పక్కకి జరిగిందా, గాలిలో అది 3,600 అయి కూర్చుంటుంది. అప్పుడు మా అధ్యక్షుల వారి ప్రసంగం నోట్లో పెరుగన్నం పెట్టుకుని మాట్లాడినట్టు వినిపిస్తుంది. పొద్దున్న చల్లగా ఉన్నంతసేపూ మాత్రం గంట కొట్టినట్టుంటుంది.

సరే, వెతుకులాట. గంటస్తంభం దగ్గర ఒక కొట్టులో క్రిస్టల్ ఉందా అని అడిగాను. ఆయన స్ఫటికమాల తీసి, శుక్రవారం వేసుకుంటే మంచిదన్నాడు. చిన్నప్పుడు మా ఇంటి రేడియో బాగుచేసిన మెకానిక్ దగ్గరికి పోతే ఆయన నవ్వేశాడు: "ఏటి మాస్టారూ, ఆ రాయి ఇంకా దొరకనేదా? టెక్కలెల్తే లారీలకి లారీలు రాయేనండి!" నిజమే. టెక్కలి గ్రానైట్‌లో క్వార్ట్జ్ లేకపోలేదు. కానీ రేడియోకి కొండరాయి పనికిరాదట, ఉక్కుపాత్రలో ఒత్తిడి పెట్టి, వేడి చేసి పెంచిన రాయే కావాలట. పెంపకం మీద అంత పట్టింపు.

ఇక విదేశీ సంబంధాలు. అమెరికాలో ఓక్లహోమా సిటీలో ఒక కంపెనీ ఉండేది, ఇంటర్నేషనల్ క్రిస్టల్ మాన్యుఫాక్చరింగ్. అడిగిన ఫ్రీక్వెన్సీకి రాయి కోసిచ్చేవాళ్ళు. 1950లో మొదలై 2017లో మూతపడింది. మేం మేల్కొన్నది ఆ తర్వాత. మిగిలిన వాళ్ళకి రాస్తే మా పిల్ల పెళ్ళికి కూడా అడగనన్ని ప్రశ్నలు: సిరీసా పేరలలా, లోడు 20 పికోఫారాడ్లా 32 ఆ, కాళ్ళు ఏ రకం, ఏ ఉష్ణోగ్రతలో కొలవాలి. చివర్న, రాయొక్కటే చాలదు, అది కూర్చునే ఛానల్ ఎలిమెంట్ కూడా పంపండి, రెంటికీ పొంతన కుదిర్చి పంపుతాం అన్నారు. మరొకాయన వివరాలేవీ అడగలేదు. కనీసం వంద తీసుకోవాలన్నాడు.

అన్నీ ఒకే ఫ్రీక్వెన్సీవి. మాకు కావలసింది ఒక్కటి. మిగిలిన 99 రాళ్ళతో మండలానికో రిపీటర్ పెట్టి అన్నిట్నీ ఒకేసారి మాట్లాడించవచ్చని కార్యదర్శి ప్రతిపాదించారు. మన సమావేశాల సంప్రదాయానికి అది దగ్గరగానే ఉందని బలపరిచాను.

ఇంతలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు కొన్ని వందల రూపాయల చిన్న బోర్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎస్‌ఐ5351 అట, ఏ ఫ్రీక్వెన్సీ కావాలంటే అది పుట్టిస్తుందట. "రాయి గొడవే లేదు తాతగారూ" అన్నాడు. అధ్యక్షులు కళ్ళజోడు సవరించుకుని, బోర్డును దీపం కిందకి జరిపి, చిప్ పక్కనున్న వెండిరంగు బిళ్ళను గోటితో మీటారు. "ఇదేమిటి నాయనా?" కుర్రాడు తల గోక్కుని "25 మెగాహెర్ట్జ్ క్రిస్టలండి" అన్నాడు. ఆ రోజు టీలు అధ్యక్షుల ఖర్చే. బోర్డు మాత్రం బీరువాలోకి పోయింది.

2014లో హుద్‌హుద్ తుఫానుకీ 2018లో తిత్లీకీ మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో సెల్ టవర్లు ఎలా పడకేశాయో అందరికీ గుర్తే. అలాంటప్పుడు పనికొస్తుందనే ఈ రిపీటర్. ప్రస్తుతం అది ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా స్పష్టంగా పనిచేస్తోంది. అక్టోబర్ దగ్గరపడుతోంది కాబట్టి, బంగాళాఖాతంలో ఉన్న వాయుగుండాలన్నీ ఈ వేళలు గమనించ ప్రార్థన.