జాబితాలో పేరుంటే కొవ్వు అంటినట్టేనా?

"ఆ ప్రోటీన్ పామిటోయిలేటెడ్ కదా, డేటాబేస్‌లో ఉంది" అని ఎవరైనా ఒక్క మాటతో తేల్చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. పామిటోయిలేటెడ్ అంటే పామిటిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం అతుక్కున్నదని. జాబితాలో పేరు ఉండటం వేరు, దానికి కొవ్వు ఆమ్లం అతుక్కుని ఉందని రుజువు కావడం వేరు.

ప్రోటీన్లకి అంటుకునే మరో కొవ్వు, మిరిస్టిక్ ఆమ్లం విషయం కాస్త నయం. 14 కార్బన్ల ఆ గొలుసు ప్రోటీన్ మొదట్లోని మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం తెగాక బయటపడే గ్లైసీన్‌కే అంటుకుంటుంది, సాధారణంగా మళ్లీ ఊడదు. మనుషుల్లో ఆ పని చేసే ఎంజైములు రెండే. కాబట్టి అమైనో ఆమ్లాల వరుస చూసి చాలావరకు ఊహించొచ్చు. అక్కడా తిరకాసు లేకపోలేదు. బిడ్ అనే ప్రోటీన్‌ని కాస్పేస్-8 అనే ఎంజైము కోశాకే లోపల దాగిన గ్లైసీన్ బయటికొచ్చి మిరిస్టేట్ తగిలించుకుంటుంది.

అసలు తలనొప్పి పామిటిక్ ఆమ్లంతో. 16 కార్బన్లు, సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో థయోఎస్టర్ అనే బంధం. ఎక్కుతుంది, దిగుతుంది. మనుషుల్లో ఎక్కించే ఎంజైములే 23. ఏ సిస్టీన్‌కి పడుతుందో చెప్పే కచ్చితమైన వరుస లేదు. అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో నేరుగా చూద్దామంటే పెప్టైడ్ (ప్రోటీన్ ముక్క) జిడ్డుగా, ముక్కల్ని వేరుచేసే కాలమ్‌కి పట్టేస్తుంది, బంధమేమో దారిలోనే ఊడిపోవచ్చు.

అందుకే చాలామంది చుట్టుదారి పడతారు. ముందు ఖాళీ సిస్టీన్లను ఎన్-ఇథైల్ మాలిమైడ్ అనే రసాయనంతో మూసేస్తారు. తర్వాత హైడ్రాక్సిలమీన్ అనే మరో రసాయనంతో కొవ్వును తెంచి, అలా బయటపడిన సిస్టీన్లకి బయోటిన్ అనే కొక్కెం తగిలించి లాగుతారు. 2006లో ఈస్ట్ కణం మొత్తాన్ని ఇలాగే జల్లెడ పట్టారు. అద్భుతమైన పని, కాదనను. కానీ ఇక్కడ మనకు కనిపించేది కొవ్వు కాదు, అది ఖాళీ చేసిన చోటు. మూయడంలో లోపముంటే మామూలు సిస్టీన్లూ వలలో పడతాయి. యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ని మోసే ఎంజైములు కూడా థయోఎస్టర్ వాడతాయి కాబట్టి అవీ వస్తాయి. పైగా సిస్టీన్‌కి కాక సెరీన్ అనే అమైనో ఆమ్లానికి కొవ్వు అంటుకునేవి, అంటే కణాల మధ్య కబురు మోసే డబ్ల్యు.ఎన్.టి. ప్రోటీన్లు, ఆకలి హార్మోన్ ఘ్రెలిన్, ఈ పద్ధతికి చిక్కవు. ఘ్రెలిన్‌ది 8 కార్బన్ల గొలుసు మరి!

ఆల్కైన్ అనే రసాయన కొన ఉన్న కొవ్వు ఆమ్లాన్ని కణాలకి తినిపించి, ఆ కొనకి గుర్తు అతికించే క్లిక్ కెమిస్ట్రీతో పట్టుకోవడం ఇంకో దారి. ఇది కొవ్వునే చూస్తుంది, అందుకే నాకు ఇష్టం. అయితే ఆ కొన్ని గంటల్లో కొత్తగా అంటినవే దొరుకుతాయి. ఎప్పటినుంచో కదలకుండా ఉన్న పామిటేట్ కనపడదు.

అందుకే నా పట్టుదల: రెండు వేర్వేరు పద్ధతుల్లో కనపడాలి, ఆ సిస్టీన్‌ని మార్చేస్తే సంకేతం పోవాలి. ఎంత శాతం అణువులకి అంటిందో కూడా చెప్పాలి. కొవ్వు తీసేసి ఆ చోట పెగ్ అనే బరువైన పాలిమర్ తగిలిస్తే, ప్రోటీన్లను బరువును బట్టి వేరుచేసే జెల్‌లో పట్టీ పైకి జరుగుతుంది, అంచనా వేయొచ్చు. నూటికి రెండు అణువులకి అంటినదాన్నీ, తొంభైకి అంటినదాన్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

ఇదేదో చాదస్తం అనుకోకండి. పామిటేట్‌ని తెంచే పి.పి.టి.1 ఎంజైము లేక పసిపిల్లల మెదడు దెబ్బతినే జబ్బు ఉంది. డబ్ల్యు.ఎన్.టి.కి కొవ్వు అతికించే పోర్క్యుపైన్‌ని ఆపే మందులు క్యాన్సర్ రోగుల మీద పరీక్షకొచ్చాయి. తప్పుడు పేరు వెనకపడితే ఒక విద్యార్థి పీహెచ్‌డీ ఏళ్లు ఆవిరైపోతాయి.

స్విస్‌పామ్ లాంటి పామిటోయిలేటెడ్ ప్రోటీన్ల డేటాబేస్ ఏ ప్రోటీన్ ఎలా దొరికిందో చెబుతూనే ఉంది. ఆ సమాచారం వదిలేసి పేరొక్కటే ఎత్తుకొచ్చేది మనం. ఇకనుంచి మీ పేపర్ పట్టికలో ప్రతి పేరు పక్కన ఏ పద్ధతి, ఏ కణం, ఏ సిస్టీన్ అని మూడు గడులు పెట్టండి. మూడోది ఖాళీగా ఉంటే "అనుమానితం" అని రాయండి, చాలు.