పిల్లలను మీ గొడవల్లో తీర్పరులను చేయకండి

డిగ్రీకో బీటెక్‌కో వచ్చిన పిల్లలు పెద్దవాళ్లయిపోయారు కాబట్టి ఇంటి గొడవలన్నీ వాళ్లతో చెప్పుకోవచ్చుననే నమ్మకం మన ఇళ్లల్లో పాతుకుపోయింది. విజయవాడ, గుంటూరుల మధ్య ఉన్న కాలేజీల్లో చాలాకాలంగా పాఠాలు చెబుతున్న నాకు ఈ నమ్మకం మీద కోపమే తప్ప సానుభూతి లేదు. భార్యాభర్తలు పోట్లాడుకోవడాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఆ పోట్లాటలో పంతొమ్మిదేళ్ల పిల్లను సాక్షిగా, రాయబారిగా, చివరికి తీర్పరిగా నిలబెట్టడమే నాకు మింగుడుపడదు.

అది జరిగే తీరు దాదాపు అన్ని ఇళ్లల్లోనూ ఒకటే. రాత్రి హాస్టల్లో ఉన్న కూతురికి తల్లి ఫోన్ చేసి, తిన్నావా అని మొదలుపెట్టి, మీ నాన్న నాకు చెప్పకుండా మళ్లీ మీ బాబాయికి డబ్బిచ్చాడన్న దగ్గర కన్నీళ్లతో ఆపుతుంది. కాసేపటికి తండ్రి చేసి, 'మీ అమ్మకు నువ్వైనా చెప్పమ్మా, నా మాట వినడం ఎప్పుడో మానేసింది' అంటాడు. ఇద్దరి గుండె బరువూ దిగుతుంది. మర్నాడు ల్యాబ్ పరీక్ష ఉన్న ఆ పిల్లకు మాత్రం నిద్ర పట్టదు. 2015లో రాజధాని కోసం భూసమీకరణ మొదలైన తర్వాత మా వైపు కొన్ని కుటుంబాల్లో అన్నదమ్ముల వాటాల తగాదా కూడా ఈ ఫోన్లలోకి చేరింది. ఏ ప్లాటు ఎవరికి రావాలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం కుర్రాడు తేల్చాలా?

తల్లిదండ్రులతో పిల్లలకుండే అనుబంధం గురించి లోతుగా ఆలోచించిన బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ, ఆ బంధం పసితనంతో ఆగిపోయేది కాదని, మనిషికి జీవితమంతా అవసరమేనని చెప్పాడు. ఆయనతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ ఏడాది వయసు పిల్లలను పరిశీలించినప్పుడు, తల్లి గదిలోంచి వెళ్లిపోతే బిడ్డ ఎంత ఏడ్చిందన్నదానికంటే, ఆమె తిరిగి వచ్చాక ఎలా దగ్గరైందన్నదానికే ఎక్కువ విలువ ఇచ్చింది. కాలేజీ పిల్లల విషయంలో నేను చూసే గుర్తు కూడా అలాంటిదే. సంక్రాంతి సెలవులు ప్రకటించగానే బస్సు టికెట్ కోసం పరుగెత్తే పిల్లల గురించి నాకు బెంగ లేదు. ప్రాజెక్టు ఉందనో, రద్దీగా ఉంటుందనో సాకు చెప్పి ఖాళీ హాస్టల్లో ఉండిపోవాలని చూసేవాళ్లను తప్పకుండా పలకరిస్తాను.

తల్లిదండ్రుల కలహాన్ని పిల్లలు ఎలా అర్థం చేసుకుంటారన్న ప్రశ్న మీద గ్రిచ్, ఫించమ్ అనే మనస్తత్వవేత్తలు 1990లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. కలహం ఎంత తరచుగా, ఎంత తీవ్రంగా జరిగిందన్నదానితో పాటు, అది ఎలా ముగిసిందో, అందుకు తానే కారణమని బిడ్డ అనుకుంటోందో లేదో కూడా ముఖ్యమే. మన ఇళ్లల్లో ఎంతో త్యాగంగా చెప్పుకునే 'నీ కోసమే ఇంకా కలిసి ఉంటున్నాం' అన్న మాట ఆ పిల్ల నెత్తిన ఏం పెడుతుందో ఇప్పుడు ఆలోచించండి. గొడవ సంగతి ఫోన్లో పూసగుచ్చినట్టు చెప్పేవాళ్లు, సర్దుకున్నామన్న ముక్క చెప్పడం మాత్రం మరిచిపోతారు. ఇంట్లో రెండో రోజుకే చల్లారిన మంట హాస్టల్లో వారం రోజులు మండుతూనే ఉంటుంది.

మన ప్రాంతంలో ఇది మరింత బరువెక్కడానికి ఇంకో కారణం ఉంది. పదో తరగతి కాగానే పిల్లలను రెసిడెన్షియల్ కాలేజీలో వేసి, రెండేళ్ల పాటు ర్యాంకు గురించి తప్ప మరో మాట మాట్లాడని తల్లిదండ్రులు, డిగ్రీకి వచ్చేసరికి అదే బిడ్డలో ఒక్కసారిగా ఆప్తమిత్రుణ్ణి వెతుక్కుంటారు. (ఆదివారం క్యారేజీతో వెళ్లినవాళ్లు కూడా ముందు అడిగింది వారాంతపు పరీక్ష మార్కులే.) తన దిగులు చెప్పుకోవడానికి వాళ్ల దగ్గర చోటు దొరకని పిల్ల, వాళ్ల దిగులుకు మాత్రం చోటివ్వాలి.

అలాగని ఇంటి సంగతులు దాచమనడం లేదు. అప్పులున్నాయని, ఫీజు కట్టడం కష్టమవుతోందని, విడిపోవాలనుకుంటున్నామని చెప్పవలసి వస్తే ఇద్దరూ కలిసి నిజం చెప్పండి. పరీక్షలయ్యే దాకా దాచి ఆ తర్వాత బాంబు పేల్చడం దయ కాదు. పరిస్థితి చెప్పడం వేరు, పక్షం తేల్చుకోమనడం వేరు.

విద్యార్థులకు నేను చెప్పేది ఒక్కటే: 'ఆ మాట నాన్నతోనే అనమ్మా, మధ్యలో నేను చెప్పను' అనడం అవిధేయత కాదు. మొదటిసారి అమ్మ నొచ్చుకుంటుంది, అయినా అనండి. మరీ భరించలేనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇక తల్లిదండ్రులారా, హాజరు తగ్గిందని కాలేజీ నుంచి మెసేజ్ రాగానే 'ప్రేమ వ్యవహారమేమైనా ఉందా సార్?' అని మమ్మల్ని అడిగే ముందు, ఆ వారంలో మీరిద్దరూ ఆ పిల్లకు చేసిన ఫోన్లలో ఏం మాట్లాడారో ఒకసారి గుర్తు చేసుకోండి.